జట్టు ఎవరి సొత్తు?

కోచ్ జట్టును తయారుచేస్తాడు. అది నిలవాలా, పోవాలా అన్నది తేల్చేది యజమాని. హైదరాబాద్ ఫుట్‌బాల్ రెండుసార్లు నేర్చుకున్న ఈ పాఠం ఉక్కు నగరం భిలాయ్‌కీ వర్తిస్తుంది

భిలాయ్ టౌన్‌షిప్‌లో 'ఇది ఎవరిది?' అని అడిగితే చాలాసార్లు వచ్చే జవాబు ఒక్కటే: ప్లాంటుది. క్వార్టర్ ప్లాంటుది. సెక్టార్-9లోని పెద్దాసుపత్రి ప్లాంటుది. బడి, పార్కు, ఆట మైదానం కూడా ప్లాంటువే. అంకెలతో పిలిచే సెక్టార్ల నడుమ పాత ఊరి పేరుతోనే మిగిలిన రుఆబాంధా కూడా ఇందుకు మినహాయింపు కాదు. 1955లో సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరి, 1959 ఫిబ్రవరిలో తొలి బ్లాస్ట్ ఫర్నేస్ వెలిగాక శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ ప్రాంతాల నుంచి తెలుగువారు పెద్ద సంఖ్యలో ఇక్కడికి వచ్చి స్థిరపడ్డారు. వారి పిల్లలు ప్లాంటు మైదానాల్లోనే ఆడుతూ పెరిగారు. బాగా ఆడేవాడికి ప్లాంటులోనో, రైల్వేలోనో ఉద్యోగం వస్తుందన్నది ఆ ఇళ్లలో దశాబ్దాలపాటు ఉన్న ఆశ.

ఈ ఏర్పాటు భారతదేశం కనిపెట్టింది కాదు. ఫుట్‌బాల్ క్లబ్ పుట్టిందే ఫ్యాక్టరీ గేటు దగ్గర. మాంచెస్టర్ యునైటెడ్ 1878లో న్యూటన్ హీత్ రైల్వే కార్మికుల జట్టుగా మొదలైంది. ఆర్సెనల్‌ను 1886లో లండన్‌లోని ఆయుధ కర్మాగారం కార్మికులు పెట్టుకున్నారు. ఇనుముతో మరీ దగ్గరి చుట్టరికం వెస్ట్‌హామ్‌ది. ఓడలు కట్టే థేమ్స్ ఐరన్‌వర్క్స్ యజమాని ఆర్నాల్డ్ హిల్స్ 1895లో తన కార్మికుల కోసం జట్టు పెట్టారు. డబ్బు కోసం ఆడడం ఆయనకు నచ్చదు. ఆటగాళ్లకేమో డబ్బు కావాలి. 1900లో ఆ జట్టు రద్దయి, వెస్ట్‌హామ్ యునైటెడ్ పేరుతో మళ్లీ పుట్టింది. రివెట్లు కొట్టే రెండు సుత్తులు ఇప్పటికీ దాని చిహ్నం.

మిల్లు మేనేజర్ కథ

యజమాని, మేనేజర్ ఒక్కరే అయితే ఏమవుతుందో ప్రెస్టన్ నార్త్ ఎండ్ చూపింది. పత్తి మిల్లు మేనేజర్ విలియం సుడెల్ స్కాట్లాండ్ నుంచి ఆటగాళ్లను రప్పించి, ఊళ్లో ఉద్యోగాలు ఇప్పించి ఆడించారు. ఆటగాళ్లకు డబ్బు ఇవ్వడం నిషిద్ధమైన రోజుల్లో తాము ఇస్తున్నామని 1884లో బాహాటంగానే ఒప్పుకున్నారు. మరుసటి ఏడాదే ఇంగ్లండ్‌లో ప్రొఫెషనల్ ఫుట్‌బాల్‌కు అనుమతి వచ్చింది. 1888-89లో జరిగిన తొలి లీగ్‌ను ప్రెస్టన్ ఒక్క ఓటమీ లేకుండా గెలిచింది, ఎఫ్.ఎ. కప్పునూ అందుకుంది. తర్వాత అసలు సంగతి బయటపడింది. మిల్లు సొమ్ము వాడుకున్నందుకు 1895లో సుడెల్‌కు మూడేళ్ల జైలు శిక్ష పడింది. ప్రెస్టన్ 1890 తర్వాత మళ్లీ లీగ్ విజేత కాలేదు.

దీనికి భిన్నమైన కథ హెర్బర్ట్ చాప్‌మన్‌ది. హడర్స్‌ఫీల్డ్‌ను 1924, 1925లలో వరసగా లీగ్ విజేతను చేసి ఆయన ఆర్సెనల్‌కు వచ్చారు. డబ్ల్యు-ఎం వ్యూహాన్ని పదునుపెట్టారు, ఆటగాళ్లతో కలిసి కూర్చుని ఆటను చర్చించే పద్ధతి ప్రవేశపెట్టారు. చొక్కాలపై అంకెలు, ఫ్లడ్‌లైట్లు ఉండాలని అందరికంటే ముందు వాదించినవారిలో ఆయన ఒకరు. చివరికి మైదానం పక్కనున్న భూగర్భ రైల్వే స్టేషన్ పేరును కూడా 1932లో 'ఆర్సెనల్'గా మార్పించారు. 1934 జనవరిలో సీజన్ మధ్యలో ఆయన హఠాత్తుగా మరణించారు. అయినా ఆర్సెనల్ ఆ ఏడాదీ, ఆ మరుసటి ఏడాదీ లీగ్ గెలిచింది. ఆయన కట్టింది పదకొండుమంది జట్టును మాత్రమే కాదు, ఒక సంస్థను.

ఖాకీ జట్టు, బడిపంతులు

తెలుగునాట చాప్‌మన్‌తో పోల్చదగిన మనిషి ఒక్కరే. ఆయన సయ్యద్ అబ్దుల్ రహీం. 1909లో హైదరాబాద్‌లో పుట్టిన రహీం వృత్తిరీత్యా బడిపంతులు. మైదానంలోనూ ఆయన పంతులే. కుడికాలి వాటం ఆటగాళ్లతో ఎడమకాలితోనే ఆడించేవారు, డ్రిబ్లింగ్ నిషేధించి పోటీలు పెట్టేవారు. బంతిని తన దగ్గరే అట్టేపెట్టుకునే ఆటగాడి కంటే సరైన సమయంలో వదిలే ఆటగాడే జట్టుకు అవసరమన్నది ఆయన నమ్మకం. 1950 నుంచి మరణించేదాకా ఆయన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకు కోచ్. అదే కాలంలో భారత జట్టు బాధ్యతా మోశారు.

పోలీస్ జట్టుకు యజమాని ప్రభుత్వ శాఖ. ఆటగాడికి ఒప్పంద పత్రం ఉండదు, ఉద్యోగం ఉంటుంది. ఒంటిమీద ఖాకీ, నెలనెలా జీతం. కలకత్తా క్లబ్బుల ఆకర్షణ హైదరాబాద్‌కు లేకపోయినా ఈ భద్రత ఉంది. దాని మీదే రహీం తన కట్టడం కట్టారు. బొంబాయిలో జరిగే రోవర్స్ కప్పును సిటీ పోలీస్ 1950 నుంచి 1954 వరకు వరసగా ఐదుసార్లు గెలిచింది. ఢిల్లీ డ్యూరాండ్ కప్పు 1950, 1954, 1957లలో హైదరాబాద్ చేరింది. 1961లో ఆంధ్రప్రదేశ్ పోలీస్ పేరుతో మళ్లీ వచ్చింది. 1956-57, 1957-58 సంవత్సరాల్లో సంతోష్ ట్రోఫీ కూడా హైదరాబాద్‌దే.

దేశం ఈ ఫలితాన్ని తన ఖాతాలో వేసుకుంది. 1951లో ఢిల్లీ ఆసియా క్రీడల్లో ఇరాన్‌పై గెలిచి స్వర్ణం. 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 1-10 పరాభవం. అప్పట్లో మనవాళ్లలో కొందరు బూట్లు లేకుండానే ఆడారు. నాలుగేళ్లకు మెల్‌బోర్న్‌లో ఆతిథ్య ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి సెమీఫైనల్‌కు చేరి, నాలుగో స్థానంలో నిలిచారు. ఆ జట్టులో సికింద్రాబాద్ అమ్ముగూడ కుర్రాడు తులసీదాస్ బలరాం సహా పలువురు హైదరాబాదీలు ఉన్నారు.

1962లో జకార్తా ఆసియా క్రీడలు రహీం చివరి పరీక్ష. క్యాన్సర్ ఆయనను తినేస్తోంది. తొలి మ్యాచ్‌లో దక్షిణ కొరియా చేతిలో 0-2తో ఓటమి. తలకు గాయమై కుట్లు పడిన డిఫెండర్ జర్నైల్ సింగ్‌ను రహీం ఫార్వర్డ్‌గా ముందుకు పంపారు. సెప్టెంబర్ 4న ఫైనల్‌లో అదే కొరియాపై భారత్ 2-1తో గెలిచింది. గోల్స్ చేసింది పి.కె. బెనర్జీ, జర్నైల్. తర్వాత ఏడాది తిరగకుండానే, 1963 జూన్ 11న రహీం కన్నుమూశారు. ఆసియా క్రీడల ఫుట్‌బాల్ స్వర్ణం భారత్‌కు మళ్లీ దక్కలేదు.

చాప్‌మన్ పోయినా ఆర్సెనల్ నిలిచింది. రహీం పోయాక హైదరాబాద్ కొన్నాళ్లు పాత ఊపులో నడిచింది. 1965-66లో ఆంధ్రప్రదేశ్ సంతోష్ ట్రోఫీ గెలిచింది. అదే ఆఖరు. బలరాం 1957లోనే ఈస్ట్ బెంగాల్‌కు వెళ్లిపోయారు. తర్వాత నయీముద్దీన్, హబీబ్ కూడా అదే దారి పట్టారు. కలకత్తా క్లబ్బులకు సభ్యులున్నారు, టిక్కెట్టు కొనే జనం ఉన్నారు. పోలీసు శాఖకు ఫుట్‌బాల్ ప్రధాన వ్యవహారం కాదు. అధికారులు మారితే ఆసక్తీ మారుతుంది. ఉద్యోగం ఆటగాడికి అన్నం పెట్టింది గానీ తర్వాతి రహీంను తయారుచేయలేకపోయింది.

వచ్చింది, గెలిచింది, వెళ్లింది

రెండో అవకాశం 2019లో వచ్చింది. మూతపడిన పుణె సిటీ క్లబ్ స్థానంలో విజయ్ మద్దూరి, వరుణ్ త్రిపురనేని యజమానులుగా హైదరాబాద్ ఎఫ్.సి. ఇండియన్ సూపర్ లీగ్‌లో అడుగుపెట్టింది. మొదటి సీజన్‌లో చిట్టచివరి స్థానం. 2020లో స్పెయిన్ కోచ్ మనోలో మార్కెజ్ వచ్చి పేరున్నవాళ్ల వెంట పడకుండా కుర్రాళ్లను నమ్ముకున్నారు. 2022 మార్చి 20న గోవాలో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీ షూటౌట్‌లో ఓడించి హైదరాబాద్ ఛాంపియన్ అయింది.

మార్కెజ్ 2023లో గోవాకు వెళ్లిపోయారు. జీతాల బకాయిలు, ఫీఫా ఆంక్షలు, ఒక్కొక్కరుగా జారుకున్న ఆటగాళ్లు... 2023-24లో ఆ జట్టు గెలిచింది ఒకే ఒక్క మ్యాచ్. 2024లో యాజమాన్యం బి.సి. జిందాల్ గ్రూప్ చేతికి వెళ్లింది. 2025లో క్లబ్ పేరు మార్చుకుని స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీగా రాజధానికి తరలిపోయింది. పుణె నుంచి వచ్చిన లైసెన్సు ఢిల్లీ చేరింది. హైదరాబాద్‌కు మిగిలింది ఒక కప్పు జ్ఞాపకం. పోలీస్ జట్టు బలహీనపడినా ఊరు వదలలేదు. ప్రైవేటు క్లబ్ గెలిచి కూడా ఊళ్లో ఉండలేదు.

ఉక్కు నగరాల లెక్క

ఈ రెండింటికీ మధ్య మూడో దారి జంషెడ్‌పూర్‌లో కనిపిస్తుంది. అక్కడ ముందు 1987లో టాటా ఫుట్‌బాల్ అకాడమీ వచ్చింది. మూడు దశాబ్దాల తర్వాత, 2017లో, టాటా స్టీల్ యాజమాన్యంలో జంషెడ్‌పూర్ ఎఫ్.సి. పుట్టింది. హైదరాబాద్ కప్పు గెలిచిన సీజన్‌లోనే లీగ్ దశలో అగ్రస్థానం సాధించి షీల్డ్ అందుకున్నది ఈ జట్టే. కోచ్ ఓవెన్ కోయిల్ ఆ తర్వాత వెళ్లిపోయినా క్లబ్ ఊళ్లోనే ఉంది. ఎందుకంటే యజమాని అక్కడి నుంచి కదలడు.

భిలాయ్ యజమాని కూడా కదలడు. సెయిల్ తన ఫుట్‌బాల్ అకాడమీని బొకారోకు, హాకీని రూర్కెలాకు ఇచ్చింది. అయితే ప్లాంటు మైదానం, సొంత కోచ్ కలిస్తే ఏం సాధ్యమో భిలాయ్ ఇంకో ఆటలో రుజువు చేసింది. సెక్టార్-1లోని పంత్ స్టేడియంలో కోచ్ రాజేశ్ పటేల్ ఏళ్ల తరబడి అమ్మాయిలకు బాస్కెట్‌బాల్ నేర్పి, ఛత్తీస్‌గఢ్‌ను దేశంలోని మేటి జట్ల సరసన నిలిపారు. 2018లో ఆయన మరణించినప్పుడు రహీం తర్వాత హైదరాబాద్‌కు ఎదురైన ప్రశ్నే భిలాయ్‌కీ ఎదురైంది: ఆయన తర్వాత ఎవరు?

ప్రభుత్వ రంగంలో కొత్త నియామకాలు తగ్గుతున్న కొద్దీ ఈ ప్రశ్న బరువెక్కుతోంది. రుఆబాంధాలో బంతి తన్నే కుర్రాడికి తాతల కాలపు ఉద్యోగ భరోసా లేదు. ప్రొఫెషనల్ క్లబ్‌లో చోటు దొరికినా ఆ క్లబ్ వచ్చే ఏడాది ఏ ఊళ్లో ఉంటుందో తెలియదు. హిల్స్‌కు డబ్బుంది, సుడెల్‌కు తెగువ ఉంది, పోలీసు శాఖకు ఉద్యోగాలున్నాయి. కానీ కోచ్ పోయాక కూడా అతని పని కొనసాగేలా చూసిన యజమాని ఉన్నచోటే క్లబ్ నిలబడింది. ఉక్కు నగరానికి మైదానాలకు లోటు లేదు. కావాల్సింది ఒక పంతులు, ఆయన తర్వాత ఇంకో పంతులు ఉండేలా చూసే యజమాని.