నచ్చిన నంబరు కొనే ముందు: వాహనం ఏ రాష్ట్రంలో ఉండబోతోంది?

ఇచ్ఛాపురం దాటి జాతీయ రహదారి మీద వస్తే కొద్దిసేపటిలోనే బరంపురం వస్తుంది. అందువలన లంజిపల్లి వీధుల్లో ఓడీ 07 వాహనాల పక్కన ఏపీ 30, ఏపీ 39 వాహనాలు నిలబడి ఉండటం ఎవరికీ వింత కాదు. శ్రీకాకుళం వైపు నుండి వచ్చి ఇక్కడ స్థిరపడిన కుటుంబాలలో కొందరు కారును సొంత ఊరిలోనే కొని, అంకెలు కూడితే తొమ్మిది వచ్చే నంబరో, ఇంటికి అచ్చివచ్చిన నంబరో అధిక రుసుము చెల్లించి తీసుకుంటారు. ఆ సొమ్ము వృథా కాకూడదంటే ఒక విషయం ముందుగా తెలిసి ఉండాలి. నంబరును కేటాయించేది రాష్ట్రం. వాహనం శాశ్వతంగా రాష్ట్రం మారితే ఆ నంబరు దాని వెంట రాదు.

1988 నాటి మోటారు వాహనాల చట్టంలోని 47వ సెక్షను ప్రకారం, ఒక రాష్ట్రంలో నమోదైన వాహనాన్ని మరొక రాష్ట్రంలో 12 నెలలకు మించి ఉంచితే, అక్కడి రవాణా అధికారికి కొత్త నంబరు కొరకు దరఖాస్తు చేయాలి. బంధువులను చూడటానికి వచ్చిపోయే వాహనానికి ఈ అవసరం లేదు. ఇక్కడే కాపురముండి, ఇక్కడే కారు నడుపుకొనేవారికి మాత్రం ఇది వర్తిస్తుంది. అప్పుడు వేలంలో గెలుచుకున్న ఏపీ నంబరు పోయి, ఒడిశా నంబరు వస్తుంది. ఆంధ్రప్రదేశ్ 2019లో జిల్లాల గుర్తులకు బదులు రాష్ట్రమంతటికీ ఏపీ 39 అనే ఒకే గుర్తును ప్రవేశపెట్టింది. ఆ సౌకర్యం ఆ రాష్ట్రపు సరిహద్దు వరకే.

నంబరు మార్పుకు మొదట పాత కార్యాలయం నుండి 48వ సెక్షను కింద నిరభ్యంతర పత్రం, అంటే ఎన్ఓసీ, తీసుకోవాలి. కారు మీద బ్యాంకు అప్పు ఉంటే బ్యాంకు సమ్మతి కూడా కావాలి. ఆపై 27వ నంబరు ఫారంతో ఇక్కడ దరఖాస్తు చేసి, ఒడిశా పన్ను చెల్లించాలి. పాత రాష్ట్రంలో కట్టిన లైఫ్ ట్యాక్సులో మిగిలిన కాలానికి తిరిగి రావలసిన భాగం కొరకు అక్కడే విడిగా దరఖాస్తు పెట్టుకోవాలి.

ఇక్కడే ఉండదలచినవారు నచ్చిన నంబరును ఒడిశాలోనే కోరుకోవడం మేలు. గంజాం వాహనాలకు ఓడీ 07, భంజనగర్ వాహనాలకు ఓడీ 32 గుర్తులు. 2012కు ముందు నమోదైన వాటిపై ఓఆర్ అని ఉంటుంది. కొన్ని విదేశాలలో వలె పేరునో, పదాన్నో నంబరుగా పొందే వీలు మన దేశంలో లేదు. గుర్తు, సిరీస్ అక్షరాలు ప్రభుత్వం నిర్ణయించినవే. కొనుగోలుదారు ఎంచుకోగలిగేది చివరి అంకెలను మాత్రమే. ఒకే నంబరును పలువురు కోరితే ఎక్కువ పాడినవారికి అది దక్కుతుంది. సాధారణంగా డీలరే రిజిస్ట్రేషను పూర్తిచేస్తాడు కనుక, ఫ్యాన్సీ నంబరు కావాలన్న మాటను డబ్బు కట్టక ముందే అతనికి చెప్పాలి. ఒకసారి మామూలు నంబరు పడిన తరువాత చెప్పి ప్రయోజనం ఉండదు.

వేలంలో ఆవేశం పనికిరాదు. 2025 నవంబరులో హరియాణాలో ఒక నంబరు పాట 1.17 కోట్ల రూపాయల వరకు వెళ్లింది. పాడిన వ్యక్తి గడువులోగా సొమ్ము కట్టకపోవడంతో ధరావతు పోయింది, నంబరూ దక్కలేదు.

నంబరు ఎంత ఖరీదైనదైనా పలక మాత్రం అందరికీ ఒకటే. 2019 ఏప్రిల్ 1 నుండి కొత్త వాహనాలకు హై సెక్యూరిటీ పలక తప్పనిసరి. దానిపై అశోకచక్రపు హోలోగ్రాము, లేజరుతో చెక్కిన గుర్తింపు సంఖ్య ఉంటాయి. కేంద్ర నియమాల ప్రకారం అక్షరాలు ఇంగ్లీషులో ఉండాలి, అంకెలు 1, 2, 3 రూపంలో ఉండాలి. కనుక తెలుగు అంకెలు గానీ ఒడియా అంకెలు గానీ రాయించడం, పేరులా కనబడేటట్లు అంకెలను వంచి రాయించడం చెల్లవు.

తరచూ బదిలీలు అయ్యే ఉద్యోగులకు 2021లో వచ్చిన బీహెచ్ సిరీస్ మరొక మార్గం. ప్రభుత్వ ఉద్యోగులు, నాలుగు లేక అంతకు మించిన రాష్ట్రాలలో కార్యాలయాలు గల సంస్థల ఉద్యోగులు దీనికి అర్హులు. రాష్ట్రం మారినా ఈ నంబరు మారదు. అయితే అంకెలను కంప్యూటరే కేటాయిస్తుంది, కోరుకునే వీలుండదు.

కాబట్టి అంకెలు కూడి చూసుకునే ముందు, రాబోయే సంవత్సరాలలో కారు ఏ ఇంటి ముందు నిలుస్తుందో కుటుంబమంతా కూర్చుని తేల్చుకోవడం మంచిది. ఆ ఇల్లు లంజిపల్లిలో ఉంటే, కొనవలసిన నంబరు ఓడీతో మొదలవుతుంది.