అడవి చెరువులకు విహారము: రైతు చూడవలసినవి, పాటించవలసినవి

వానాకాలపు వరి కోతలు ముగిసి ధాన్యము ఇల్లు చేరిన పిమ్మట, యాసంగి నాట్లకు ముందు, రైతుకు నాలుగు దినములు తీరిక దొరకును. ఇంటిల్లిపాదిని వెంటబెట్టుకొని ఎక్కడికైనను పోయి రావలెనను కోరిక అప్పుడు కలుగుట సహజము. అట్టి వారు చూడదగిన చోట్లు మన వరంగల్, ములుగు జిల్లాల అడవులలోనే కలవు. పాకాల, రామప్ప, లక్నవరము అను మూడు పెద్ద చెరువులు కొండల నడుమ, చెట్ల నీడలో ఉన్నవి.

సెలవు దినములలో పట్టణముల నుండి ఎందరో వచ్చి ఈ చెరువుల అందమును చూచి పోవుచున్నారు. మీరు రైతులు గావున మీ చూపు కొంత వేరుగా ఉండవలెను. ఈ చెరువులు విహారము కొరకు కట్టినవి కావు, సేద్యము కొరకు కట్టినవి. సుమారు ఎనిమిది వందల ఏండ్ల క్రిందట కట్టిన ఈ కట్టల క్రింద నేటికిని పంటలు పండుచున్నవి. చూడవచ్చిన వారి అజాగ్రత్త వలన ఈ నీటికి గాని, ఈ అడవికి గాని కీడు కలిగినచో నష్టపడువాడు రైతే. నీటి తీరు తెలియక చెరువులో దిగినచో ప్రాణమునకే ముప్పు. కావున పోవుటకు ముందు కొన్ని సంగతులు తెలిసికొనుట మంచిది.

మూడు చెరువులు

పాకాల చెరువు వరంగల్‌కు సుమారు 50 కిలోమీటర్ల దూరమున, నర్సంపేట దాటిన తరువాత ఖానాపూర్ మండలములో ఉన్నది. కాకతీయ గణపతిదేవుని (1199–1262) కాలములో దీనిని కట్టిరి. కొండల మధ్యనున్న సందును కట్టతో మూసి నీటిని నిలిపిరి. చుట్టునున్న అడవిని 1952లో వన్యప్రాణుల అభయారణ్యముగా ప్రకటించిరి. కృష్ణానదిలో కలియు మున్నేరు ఇక్కడనే పుట్టుచున్నది. 2024 సెప్టెంబరు 1న పొంగి ఖమ్మము పట్టణములో ఇండ్లను ముంచివేసిన ఏరు ఇదే.

రామప్ప చెరువు ములుగు జిల్లా పాలంపేటలో కలదు. గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు ఇక్కడ కట్టించిన శివాలయములో 1213 నాటి శాసనమున్నది. ఈ గుడికి 2021 జూలైలో యునెస్కో ప్రపంచ వారసత్వ కట్టడముగా గుర్తింపు లభించినది. గుడి చూచి వెనుదిరుగు వారు ఎక్కువ. మీరు మాత్రము చెరువు కట్ట దాక పోయి రండు. ఊరు, గుడి, చెరువు మూడును కలిపి కట్టుట కాకతీయుల పద్ధతి. చెరువు లేనిదే ఊరు నిలువదు, ఊరు లేనిదే గుడికి దీపము ఉండదు అని వారు ఎరుగుదురు.

లక్నవరము చెరువు గోవిందరావుపేట మండలములో ఉన్నది. ములుగు దాటి ఏటూరునాగారము పోవు పెద్దరోడ్డుపై చల్వాయి వద్ద అడవిలోనికి తిరుగవలెను. ఇదియు కాకతీయుల నాటిదే. కొండల నడుమ సందులకు చిన్న చిన్న కట్టలు వేసినందున కొండలే పెద్ద కట్టలుగా పనిచేయుచున్నవి. నీటి మధ్య దీవులు కలవు. వానికి చేరుటకు వ్రేలాడు వంతెన వేసినారు. పర్యాటక శాఖ వారి పడవలును, బసయు ఉన్నవి.

పాకాల నీరు కృష్ణకు, రామప్ప, లక్నవరముల నీరు గోదావరికి పోవును. ఒకే ప్రాంతపు అడవి రెండు మహానదులకు నీరు పంపుచున్నదని దీనివలన తెలియుచున్నది.

ఎప్పుడు పోవలెను?

కార్తీకమాసము మొదలు మాఘము వరకు, అనగా అక్టోబరు చివర నుండి ఫిబ్రవరి వరకు అనువైన కాలము. అప్పటికి వర్షములు వెనుకబడును, చెరువులో నీరు నిండుగా ఉండును, ఎండ బాధించదు. వలస వచ్చిన బాతులు మొదలగు నీటిపక్షులు కనబడుటయు ఈ చలికాలములోనే. వనభోజనములకు కూడ ఇదియే అదను. ఆగస్టు, సెప్టెంబరు మాసములలో మత్తడి దూకు దృశ్యము కన్నుల పండుగే గాని, వాగులు పొంగు కాలమగుటచే దారిలో చిక్కుకొను ప్రమాదము కలదు. రోడ్డు మీద నీరు పారుచుండగా బండిని దాటింపరాదు. ఎండకాలములో అడవి ఎండి నిప్పుకు సిద్ధముగా ఉండును.

కట్ట మీద నిలిచి ఏమి చూడవలెను?

మొదట చెరువు వెనుక నున్న అడవిని చూడుడు. టేకు, మద్ది, తునికి, ఇప్ప, వెదురు మొదలగు చెట్లు వానచినుకు దెబ్బను ఆకులపై కాచుకొనును. రాలిన ఆకు నేలను కప్పి, నీరు ఒక్కసారిగా ఉరుకకుండ ఆపును. వేళ్ళు మట్టిని పట్టి ఉంచును. అందుచే నీరు నెమ్మదిగా, తేటగా చెరువు చేరును. అడవి పోయినచో అదే వాన మట్టిని కోసికొని వచ్చి చెరువును పూడ్చును. ఎత్తు తగ్గని కట్ట ఉండియు, నీరు పట్టని చెరువులు మన మైదాన గ్రామములలో ఎన్ని ఉన్నవో మీకు తెలియును. తెలంగాణలో 46 వేలకు పైగా చెరువుల పూడిక తీయుటకు 2015లో మిషన్ కాకతీయ చేపట్టవలసి వచ్చుటకు గల కారణములలో ఇది యొకటి.

తరువాత కట్టను చూడుడు. లోపలి వైపు రాతి పరుపు ఎట్లున్నదో, రెండు కొసలు కొండకు ఎట్లు అతికినవో గమనించుడు. కట్టపై పెద్ద చెట్లు పెరుగనీయరాదు. వాని వేళ్ళు కుళ్ళిన చోట నీటికి దారి ఏర్పడును. ఎలుక బొరియలు, పీత బొరియలు కూడ అట్టివే. కట్ట వెలుపల అడుగున చెమ్మ గాని, మట్టిరంగు ఊటనీరు గాని కనబడుట గండికి ముందు గుర్తు.

మూడవది మత్తడి. నిండిన చెరువులో మిగులు నీటిని ఏ హానియు లేకుండ బయటికి పంపు మార్గమిది. మరికొంత నీరు నిలుపవలెనని కొన్ని చోట్ల మత్తడిపై ఇసుక బస్తాలు పేర్చుదురు. చేపలు పోకుండ వలలు, కంపలు అడ్డము పెట్టుదురు. ఒక్క రాత్రి పెద్ద వాన పడినచో ఆ నీరు కట్ట మీదుగా పొర్లి, కట్టను కోసివేయును. తిరిగి వచ్చిన తరువాత మీ ఊరి చెరువు కట్టను, మత్తడిని ఇదే కంటితో ఒకసారి చూచినచో యాత్రకు ఫలము దక్కును.

నీటి వద్ద జాగ్రత్తలు

బావిలో, కాలువలో ఈత వచ్చినవాడు చెరువులోను ఈదగలనని తలచును. అది పొరపాటు. చెరువు అడుగు ఒకే తీరుగా ఉండదు. పూడిక మట్టి తీసిన చోట గోతులు పడి, మోకాటి లోతు నీరు రెండడుగులలో నిలువు లోతగును. మెత్తని ఒండ్రులో కాలు దిగబడిన ఈతగాడికి కూడ పైకి వచ్చుట కష్టము. నాచు, తూడు కాళ్ళకు చుట్టుకొనును. తూము దగ్గర నీరు లోపలికి గుంజును. మత్తడి రాళ్ళపై పాచి జారును. పాకాలలో మొసళ్ళు కూడ కలవు. కావున ఈ చెరువులలో దిగకుండుటయే మేలు. మద్యము సేవించిన వారిని, పెద్దల తోడు లేని పిల్లలను నీటి అంచునకు పోనీయరాదు. ఫోనుతో బొమ్మ తీసికొనుటకై మత్తడి రాళ్ళపై నిలువరాదు.

పడవ ఎక్కునప్పుడు ప్రాణరక్షణ చొక్కా, అనగా లైఫ్ జాకెట్టు, తొడిగి బిగించినగాని కాలు పెట్టకుడు. ఇది పడవవానికి చేయు మేలు కాదు, మన ప్రాణమునకు కాపు. 2019 సెప్టెంబరు 15న పాపికొండలు చూడబోవు పడవ కచ్చులూరు వద్ద గోదావరిలో మునిగి నలుబది మందికి పైగా చనిపోయిన సంగతి మరువరాదు.

ఎవరైన మునుగుచున్నచో వెంటనే వెనుక దూకకుడు. ఒకరిని రక్షింపబోయి ఇద్దరు ముగ్గురు పోవుట ఇట్లే జరుగుచున్నది. త్రాడు, చీర, పంచె, పొడవాటి వెదురు, మూత బిగించిన ఖాళీ డబ్బా వంటివి అందించి ఒడ్డుకు లాగవలెను. బయటికి తీసిన మనిషిని గిరగిర త్రిప్పుట, తలక్రిందులుగా పట్టుట, పొట్ట నొక్కుట చేయరాదు. వీనివలన విలువైన కాలము పోవును, కడుపులోని నీరు ఊపిరితిత్తులలో చేరును. ఊపిరి ఆడనిచో వెల్లకిల పరుండబెట్టి, గడ్డము పైకెత్తి, ముక్కు మూసి, నోటిలో నోరు పెట్టి రెండు మార్లు ఊదవలెను. పిమ్మట రొమ్ము నడుమ గట్టిగా, వేగముగా 30 మార్లు నొక్కి, మరల రెండు మార్లు ఊదవలెను. ఊపిరి వచ్చు వరకు, లేక వైద్యసహాయము అందు వరకు దీనిని ఆపరాదు. ఈలోగా మరియొకరు 108కు ఫోను చేయవలెను. అడవిలో ఫోను అందని చోట్లు కలవు గావున ఎక్కడ అందునో ముందే చూచి ఉంచుకొనుడు.

అడవిలో మర్యాద

వంట ఇంటి వద్దనే చేసి తీసికొనిపోవుట ఉత్తమము. అభయారణ్యములో నిప్పు పెట్టుట 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము నేరము. ఆర్పని బీడీ ముక్క ఒకటి చాలును, ఎండుటాకు అంటుకొని అడవి కాలుటకు. మోదుగ విస్తరులలో భుజించినచో ప్లాస్టిక్ పళ్ళెముల పని ఉండదు. తెచ్చిన ప్లాస్టిక్ సంచులను, సీసాలను తిరిగి ఇంటికి తెచ్చుకొనవలెను. విడిచిన సంచి పశువు కడుపులో చేరి దానిని చంపును, లేదా తూములో అడ్డుపడును. పగిలిన సీసా పెంకు కాలువ వెంట పొలము చేరి నాటు వేయు కూలీ కాలిలో దిగును.

కోతులకు తిండి పెట్టకుడు. ఇది పుణ్యమని తలచువారు కలరు. చేతితో పెట్టిన తిండికి అలవాటుపడిన కోతి అడవిలో కాయలు వెదకుట మాని రోడ్డు మీదికి, అక్కడి నుండి ఊరిలోనికి, మన మొక్కజొన్న చేనిలోనికి వచ్చును. కోతుల బాధకు చేను బీడు పెట్టిన రైతులకు ఈ మాట వేరుగా చెప్పనక్కరలేదు.

తెల్లవారు వేళ, సాయంకాలము జంతువులు నీటికి వచ్చును. ఆ సమయమున మైకులు, డప్పులు మ్రోగించరాదు. చీకటి పడకముందే అడవి దాటవలెను.

గ్రామాధికారులకు మనవి

ఇట్టి చెరువు గల గ్రామముల సర్పంచులు, కార్యదర్శులు కొద్ది ఖర్చుతో చేయదగిన పనులు కొన్ని కలవు. లోతైన చోట, పూడిక గోతుల వద్ద పెద్ద అక్షరములతో హెచ్చరిక బోర్డు నిలుపవలెను. కట్టపై ఒకచోట పొడవైన త్రాడును, గాలి నింపిన పాత ట్యూబును అందరికి కనబడునట్లు వ్రేలాడదీయవలెను. బండ్లను కట్టపైకి రానీయక క్రిందనే నిలుపు స్థలము చూపవలెను. ఈత తెలిసిన మత్స్యకార యువకులను సెలవు దినములలో కావలి ఉంచినచో ప్రాణములు దక్కును, వారికి కొంత కూలియు దొరకును. మహిళా సంఘముల వారు మొక్కజొన్న కంకులు, సీతాఫలములు, విస్తరులు అమ్ముకొన వీలు కల్పించినచో యాత్రికుల రాకవలన ఊరికి చెత్త మాత్రమే గాక నాలుగు రూపాయలును మిగులును.

పూర్వము చెరువు కట్టించిన వారికి, మరమ్మతు చేయించిన వారికి దాని క్రింద దశబంధ మాన్యముగా భూమి ఇచ్చెడివారు. చెరువును కాపాడుటకు ప్రతిఫలము ఉండవలెనని పెద్దలు ఆనాడే గుర్తించిరి. నేడు చూడవచ్చు వారి వలన కలుగు ఆదాయములో కొంత భాగము కట్ట కంప కొట్టించుటకు, తూము తలుపులు బాగుచేయుటకు వెచ్చింపవలెనని గ్రామసభలో తీర్మానించుకొనుట అన్ని విధముల మంచిది.

ఈ ఏడు కోతల తరువాత మీ ఊరి రైతులు పది మంది కలిసి, పిల్లలతో సహా, ఈ మూడింటిలో ఒక చెరువునకు పోయి రండు. కట్ట ఎవరు కట్టిరో, నీరు ఎక్కడినుండి వచ్చునో, ఎవరి పొలమునకు పోవునో పిల్లలకు అక్కడనే చూపి చెప్పుడు.