త్రాగునీటిలో నైట్రేటు కాలుష్యం
త్రాగునీటిలో నైట్రేటు పరిమితికి మించి చేరడాన్ని నైట్రేటు కాలుష్యం అంటారు. రసాయనిక ఎరువులు, పశువుల పేడ, మురుగునీరు దీనికి ముఖ్య కారణాలు. నైట్రేటు నీటిలో సులభంగా కరిగి, వాననీటితో పాటు భూమిలోకి ఇంకి బావులను, నదులను చేరుతుంది. దీనికి రంగు, వాసన లేనందున పరీక్షిస్తే గాని తెలియదు.

శిశువుల శరీరంలో నైట్రేటు నైట్రైటుగా మారి, రక్తం ప్రాణవాయువును మోసే శక్తిని తగ్గిస్తుంది. శరీరం నీలివర్ణం పొందుతుంది. అమెరికాలోని అయోవా రాష్ట్రంలో, బావినీటితో కలిపిన పోతపాలు త్రాగిన శిశువులలో ఈ వ్యాధిని హంటర్ కామ్లీ అనే వైద్యుడు 1945లో వివరించాడు. నదులలో నైట్రేటు పెరిగినందున, అదే రాష్ట్ర రాజధాని డి మోయిన్ ప్రాంతంలో 2025 జూన్‌లో పచ్చికకు నీరు పెట్టడాన్ని నిషేధించారు.

భారతీయ ప్రమాణాల ప్రకారం త్రాగునీటిలో నైట్రేటు లీటరుకు 45 మి.గ్రా. మించరాదు. నీటిని మరిగిస్తే సూక్ష్మజీవులు నశిస్తాయి కాని నైట్రేటు పోదు. కొంత నీరు ఆవిరైపోవుట వలన దాని గాఢత మరింత పెరుగుతుంది.