పగడాల అక్వేరియంలో ప్రోటీన్ స్కిమ్మర్ ఎంపిక: మేత భారమే ప్రమాణం

ఉప్పునీటి అక్వేరియం నెలకొల్పదలచినవారు సాధారణంగా అడిగే మొదటి ప్రశ్న, ఇన్ని లీటర్ల తొట్టికి ఏ స్కిమ్మర్ సరిపోతుందని. పరికరం పెట్టెపై ముద్రించిన అంకె కూడా ఈ ప్రశ్నకే సమాధానం చెబుతుంది. కాని అదే 300 లీటర్ల నీటిలో రెండు చిన్న చేపలు ఉండవచ్చు, పన్నెండు చేపలూ ఉండవచ్చు. భూసార పరీక్ష లేకుండా, విస్తీర్ణం మాత్రమే చూసి ఎరువు మోతాదు నిర్ణయించడం ఎంత అశాస్త్రీయమో, నీటి పరిమాణం మాత్రమే చూసి స్కిమ్మర్‌ను నిర్ణయించడం అంతే అశాస్త్రీయం.

పనిచేసే విధానం

సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల లవణాలు ఉంటాయి. వీటి ప్రభావం వల్ల గాలి బుడగలు ఒకదానితో ఒకటి త్వరగా కలిసిపోక, సన్నగా, అసంఖ్యాకంగా నిలుస్తాయి. మిగిలిన మేత, చేపల మలం, పగడాలు స్రవించే జిగురు వంటి వాటి నుంచి వెలువడే అనేక సేంద్రియ అణువులకు ఒక కొస నీటిని ఇష్టపడుతుంది, మరొక కొస నీటికి దూరంగా జరుగుతుంది. ఇటువంటి అణువులు బుడగల ఉపరితలానికి అంటుకొని పైకి చేరి, నురుగుగా మారి, స్కిమ్మర్ మెడను దాటి పైనున్న సేకరణ పాత్రలో పడతాయి. మంచినీటిలో బుడగలు కలిసిపోయి పెద్దవవుతాయి కనుక అక్కడ ఈ పరికరం అంతగా ఫలితమివ్వదు.

దీని పరిమితులను కూడా గుర్తించాలి. నీటిలో కరిగిన అమ్మోనియా, నైట్రేట్ బుడగలకు అంటుకోవు. చేపలు తమ నత్రజని వ్యర్థంలో అధిక భాగాన్ని మొప్పల ద్వారా అమ్మోనియాగానే విసర్జిస్తాయి. కాబట్టి స్కిమ్మర్ ఎంత మంచిదైనా, సూక్ష్మజీవులు నివసించే రాళ్లు లేని తొట్టిని అది కాపాడలేదు. జీవశిలలను, స్కిమ్మర్‌ను జతచేసిన 'బెర్లిన్ పద్ధతి' జర్మనీలో రూపుదిద్దుకొని విస్తృతంగా వ్యాపించడానికి ఈ పరస్పర పూరకత్వమే కారణం.

అమెరికాలోని పెన్సిల్వేనియా స్టేట్ యూనివర్సిటీ రసాయన శాస్త్ర ఆచార్యుడు కెన్ ఫెల్డ్‌మాన్ 2009లోనూ ఆ తరువాతా ప్రచురించిన కొలతల ప్రకారం, పరీక్షించిన స్కిమ్మర్లు నీటిలోని మొత్తం సేంద్రియ కర్బనంలో సుమారు ఐదో వంతు నుంచి మూడో వంతు వరకే తొలగించగలిగాయి. ఒక తయారీకి, మరొక తయారీకి మధ్య ప్రకటనలు సూచించేంత భేదం కనిపించలేదు. ఖరీదు కంటే తొట్టి భారానికి పరికరం సరిపోవడమే ముఖ్యమని దీనినిబట్టి గ్రహించవచ్చు.

భారాన్ని లెక్కించడం

రోజుకు 4 గ్రాముల పొడి మేత వేసే 300 లీటర్ల తొట్టిని ఉదాహరణగా తీసుకుందాం. మేతలో 45 శాతం మాంసకృత్తులు ఉంటే వాటి పరిమాణం 1.8 గ్రాములు. మాంసకృత్తులలో 16 శాతం నత్రజని చొప్పున 0.288 గ్రాముల నత్రజని తొట్టిలో చేరుతుంది. అందులో నాలుగో వంతు చేపల శరీరంలో నిలుస్తుందని అనుకుంటే, 0.216 గ్రాములు నీటిలోకి వస్తుంది. ఇదంతా నైట్రేట్‌గా మారితే 4.43 రెట్లు, అంటే సుమారు 0.96 గ్రాములు అవుతుంది. ఆ లెక్కన లీటరుకు రోజుకు 3.2 మి.గ్రా. నైట్రేట్ పెరుగుతుంది. అదే తొట్టిలో రోజుకు 1 గ్రాము మేతే వేస్తే ఈ పెరుగుదల 0.8 మి.గ్రా. మాత్రమే. తొట్టి ఒకటే అయినా భారం నాలుగు రెట్లు మారింది. స్కిమ్మర్ ఇందులో ఘన, సేంద్రియ రూపంలో ఉన్న భాగాన్ని కుళ్లకముందే బయటికి తీస్తుంది; మిగతాది సూక్ష్మజీవుల పని, నీటి మార్పిడి పని.

ఎంపికలో గమనించవలసినవి

తక్కువ భారానికి, ఎక్కువ భారానికి వేర్వేరు సామర్థ్యాలు ప్రకటించే తయారీదారులు ఉన్నారు. చేపలు ఎక్కువగా ఉన్న తొట్టికి ఎక్కువ భారానికి ఇచ్చిన అంకెనే ఆధారంగా తీసుకోవాలి. ఒకే అంకె ఇచ్చినచోట గంటకు లోనికి తీసుకునే గాలి పరిమాణం, స్కిమ్మర్ శరీరం కొలత, మెడ వ్యాసం పోల్చి చూడాలి.

పెద్ద స్కిమ్మర్ ఎప్పుడూ మేలనే అభిప్రాయం సరికాదు. నురుగు నిలదొక్కుకోవాలంటే సేంద్రియ పదార్థం తగినంత ఉండాలి. తక్కువ భారం గల తొట్టిలో వెడల్పు మెడ ఉన్న స్కిమ్మర్ పెడితే నురుగు అంచును చేరకముందే విరిగిపోతుంది. పాత్ర రోజుల తరబడి ఖాళీగా ఉంటుంది.

సంప్‌లో అమర్చే స్కిమ్మర్లకు తయారీదారు సూచించిన నీటి లోతు స్థిరంగా ఉండాలి. ఆవిరై నీరు తగ్గే గదిలో దానిని ఉంచితే నురుగు మట్టం రోజూ మారుతుంది. కనుక అడ్డుగోడతో మట్టం నిలిచే గదిని దీనికి కేటాయించాలి. కొనుగోలుకు ముందే సంప్ పొడవు, వెడల్పులతోపాటు, పాత్రను పైకి ఎత్తి తీయడానికి కావలసిన ఖాళీని కూడా కొలవాలి.

పంపు రాత్రింబవళ్లు నడుస్తుంది కనుక విద్యుత్తు ఖర్చు లెక్కించాలి. 15 వాట్ల పంపు ఏడాదికి సుమారు 131 యూనిట్లు, 40 వాట్ల పంపు సుమారు 350 యూనిట్లు వినియోగిస్తాయి. విడిభాగాలు, ముఖ్యంగా ఇంపెల్లర్, స్థానికంగా దొరుకుతాయో లేదో కూడా తెలుసుకోవాలి.

నిర్వహణ

కొత్త స్కిమ్మర్ నిలకడగా పనిచేయడానికి ఒకటి రెండు వారాలు పట్టవచ్చు. అంతలోనే పనికిరాదని నిర్ణయించరాదు. మెడ లోపల పేరుకున్న జిడ్డు పొర నురుగును అడ్డుకుంటుంది కనుక వారానికి కనీసం ఒకటి రెండుసార్లు తుడవాలి. గాలి గొట్టంలో గడ్డకట్టిన ఉప్పును గోరువెచ్చని మంచినీటితో కరిగించాలి. కరెంటు పోయి తిరిగి వచ్చినప్పుడు నురుగు పొంగిపొర్లవచ్చు కాబట్టి, పాత్రను సంప్‌లోకి కాక వేరొక సీసాలోకి ఖాళీ అయ్యేలా అమర్చరాదు. ఆ సీసా నిండితే తొట్టి నీరు నేలపాలవుతుంది. అటువంటి సీసా వాడక తప్పకపోతే నిండగానే పంపును ఆపే ఫ్లోట్ స్విచ్ ఉండాలి.

స్కిమ్మర్ చేసే మరొక మేలు వాయు మార్పిడి. 28 డిగ్రీల సెల్సియస్ వద్ద సముద్రపు నీరు లీటరుకు సుమారు 6.4 మి.గ్రా. ప్రాణవాయువును మాత్రమే సంతృప్త స్థాయిలో పట్టి ఉంచుతుంది. కిరణజన్య సంయోగక్రియ ఆగే రాత్రివేళ ఈ గాలి ప్రసరణే చేపలకు, పగడాలకు ఆధారం.

మన ప్రాంతానికి అన్వయం

మన దేశంలో గట్టి పగడాలు వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 మొదటి షెడ్యూలులో రక్షణ పొందిన జీవులు. వాటిని సముద్రం నుంచి సేకరించడం, అమ్మడం నేరం. కనుక సలహా కోరి వచ్చే ఔత్సాహికులకు పరికరం కంటే ముందు ఈ విషయం తెలియజేయడం విస్తరణ శాస్త్రవేత్తల బాధ్యత. అయితే పైన వివరించిన సూత్రాలు చేపలు మాత్రమే ఉన్న ఉప్పునీటి తొట్టికీ, సముద్ర జలాన్ని శుద్ధిచేసి తిరిగి వాడే తల్లి చేపల, తల్లి రొయ్యల పోషణ యూనిట్లకూ వర్తిస్తాయి. కోస్తా జిల్లాల హేచరీలలో స్కిమ్మర్ పరిమాణం నిర్ణయించేటప్పుడు ట్యాంకు లీటర్లకు ముందు రోజువారీ మేత గ్రాములను నమోదు చేయించాలి. విద్యార్థులు ఒక వారం మేత తూకం, సేకరణ పాత్రలోని ద్రవం, నైట్రేట్ విలువలు పక్కపక్కన రాసి చూస్తే, పెట్టెపై ఉన్న అంకె ఆ తొట్టికి ఎంతవరకు సరిపోతుందో వారికే తేటతెల్లమవుతుంది.