పూరీ పొంగని ఇల్లు

"గోధుమ ముట్టుకోవద్దు" అని డాక్టరు చెప్పి పంపిన రోజున తెలుగు ఇంట్లో పెద్దవాళ్లు అంతగా కంగారుపడరు. "దానికేముందే, మనం తినేది అన్నమేగా!" అంటారు. నిజమే మరి. ఇడ్లీ, అట్టు, పెసరట్టు, గారె, దద్దోజనం... వీటిలో గోధుమ ఊసే లేదు. పూటపూటా రొట్టెలు కాల్చుకునే పంజాబీ ఇంటికి ఇదే కబురు వస్తే వంటిల్లు తలకిందులవుతుంది. మనకు ఇంట్లో కంచం నిండుగానే ఉంటుంది. వెలితి తెలిసేది గడప దాటాకే. సాయంత్రం బజ్జీల బండి, పెళ్లివారి టిఫిను, ఇరానీ హోటలు, వ్రతం ప్రసాదం... నలుగురితో కలిసి తినే చోటల్లా మనవాళ్లు ఏనాడో గోధుమకు పీట వేసేశారు. సీలియాక్ జబ్బున్నవాళ్లు బెంగపెట్టుకునేది వీటిమీదే.

మైసూర్ బోండా సంగతే చూడండి. మైదాలో పుల్లటి పెరుగు, వంటసోడా, జీలకర్ర, సన్నగా తరిగిన పచ్చిమిర్చి, అల్లం వేసి, చేత్తో బాగా గిలక్కొట్టి కాసేపు నాననిస్తారు. బండి దగ్గర మాస్టరు చెయ్యి తడుపుకుని, ఒక్కో ముద్దనూ వేళ్లతో నూనెలోకి జారవిడుస్తాడు. ముద్ద మునిగి, తేలి, ఉబ్బి గుండ్రమవుతుంది. విరిస్తే లోపలంతా మెత్తగా, గుల్లగా ఉంటుంది. బియ్యప్పిండితో అదే కొలతల్లో చేసి చూసినవాళ్లను అడగండి, రాళ్లొచ్చాయంటారు. పోనీ పక్కనే మిరపకాయ బజ్జీ ఉంది, అది శనగపిండేగా అనొచ్చు. శనగపిండే. కానీ వేగేది బోండాలు వేగిన ఆ మూకుట్లోనే, ఆ నూనెలోనే.

గోధుమ, బార్లీ, రై గింజల్లో ఉండే కొన్ని మాంసకృత్తులకు కలిపి గ్లూటెన్ అని పేరు. పిండి తడిపి మర్దిస్తే అది సాగే వలలా అల్లుకుంటుంది. పూరీ నూనెలో పడగానే లోపలి తడి ఆవిరవుతుంది. ఆవిరిని ఆ వల బయటికి పోనివ్వదు, పూరీ పొంగుతుంది. తాపేశ్వరం మడతకాజా నిలిచిందీ ఈ సాగుడు మీదే. మైదా ముద్దను పల్చగా వత్తి, మడతలు పెట్టి, కోసి, వేయించి, పాకంలో వేస్తారు. పిండి సాగకపోతే పొర లేదు, పొర లేకపోతే పాకం దిగే దారి లేదు.

సీలియాక్ ఉన్నవాళ్లలో గ్లూటెన్ లోపలికి వెళ్లగానే ఒంటి రక్షణ వ్యవస్థ సొంత చిన్నపేగు మీదే దాడికి దిగుతుంది. తిన్నదాన్ని పీల్చుకునే సన్నటి మొనలు చదునైపోతాయి. విరేచనాలు, పిల్లల్లో ఎదుగుదల ఆగిపోవడం, ఎన్ని ఐరన్ మాత్రలు మింగినా తగ్గని రక్తహీనత... ఇలా రకరకాలుగా బయటపడుతుంది. జీవితాంతం గ్లూటెన్ మానడమే వైద్యం. దోషి గోధుమేనని తేల్చినవాడు విల్లెం డికే అనే డచ్ పిల్లల డాక్టరు. ఆయనకు 1930ల నుంచే అనుమానం ఉంది. 1944-45 చలికాలంలో, యుద్ధం మధ్య, నెదర్లాండ్స్‌లో రొట్టె కరువై జనం ఆకలితో అల్లాడారు. సీలియాక్ పిల్లలు మాత్రం తేరుకున్నారు. రొట్టె మళ్లీ రాగానే జబ్బు తిరగబెట్టింది. 1950లో ఆయన దీన్ని సిద్ధాంత వ్యాసంగా సమర్పించారు.

ఉత్తరాది జబ్బని దీనికో ముద్ర పడిపోయింది. ముద్రకు ఆధారం లేకపోలేదు. 2016లో వెలువడిన ఒక అధ్యయనంలో ఉత్తర భారతంలో సుమారు వందమందిలో ఒకరికి, దక్షిణాదిన వెయ్యిమందిలో ఒకరికి ఈ జబ్బు కనిపించింది. వింతేమిటంటే, జబ్బుకు వీలు కల్పించే జన్యువులు ఉన్నవాళ్లు రెండుచోట్లా మూడోవంతుకు పైనే. తేడా అంతా తిండిలో ఉంది. అక్కడ రోజుకు సగటున 455 గ్రాముల గోధుమ, ఇక్కడ 25. ఆ పాతిక దగ్గరే మనం ఆగుతామని నాకు నమ్మకం లేదు. షుగరు వచ్చిన ఇంటింటా రాత్రి అన్నం పోయి చపాతీ వచ్చింది. నాన్నకు షుగరు, కూతురికి సీలియాక్ అయితే ఆ ఇల్లాలి పాట్లు చెప్పక్కర్లేదు. చపాతీ పీట, అప్పడాల కర్ర, పెనం కూడా వేరుగా పెట్టుకోవాలి.

అనుమానం ఉన్నవాళ్లకు ఒక మాట: పరీక్షకు ముందే గోధుమ మానేయకండి. మానేస్తే రక్తంలో పట్టివ్వాల్సిన యాంటీబాడీలు తగ్గిపోయి జబ్బు దొరక్కుండా పోవచ్చు. బరువు తగ్గడానికి గ్లూటెన్ మానే ఫ్యాషన్ వేరు, ఇది వేరు.

హైదరాబాదువాళ్ల బాధ మరో రకం. రంజాన్ నెల వస్తే వీధివీధినా భట్టీలు లేస్తాయి. హలీం అనగానే మాంసం పేరు చెబుతారుగానీ, దాన్ని పట్టి ఉంచేది గోధుమే. గంటల తరబడి ఉడికించి, పెద్ద కొయ్యగుత్తులతో దంచి దంచి, ఏది మాంసమో ఏది గోధుమో తెలియకుండా చేస్తారు. 2010లో భౌగోళిక గుర్తింపు తెచ్చుకున్న ఆ వంటకంలోంచి గోధుమను ఏరి పక్కన పెట్టే వీల్లేదు. ఇరానీ హోటల్లో ఉస్మానియా బిస్కెట్ పోయె, లుఖ్మీ పోయె, చాయ్ మిగిలె. పక్కవాడు బిస్కెట్ ముంచుకుంటుంటే ఉత్త చాయ్ తాగడం ఎంత కష్టమో ఆ ఊరివాళ్లకే తెలుసు.

అన్నానికి భయం లేదన్నాంగానీ అందులోనూ ఒక మెలిక ఉంది. పులిహోర పోపులో, సాంబారులో, మాగాయలో వేసే ఇంగువ! బజారులో దొరికే ఇంగువ పొడుల్లో చాలావాటికి మైదానో గోధుమపిండో కలుపుతారు. పిల్లల పాలలో వేసే మాల్టు పొడిలో బార్లీ ఉంటుంది. పాయసంలో సేమియా సరేసరి. కాబట్టి డబ్బా వెనక చిన్న అక్షరాలు చదవడం అలవాటవ్వాలి. మన దేశంలో గ్లూటెన్ ఫ్రీ అని అచ్చువేయాలంటే కిలోకు 20 మిల్లీగ్రాములు మించకూడదు. ఆ ముద్రతో వచ్చే బిస్కెట్లు, బ్రెడ్లు కొనాలంటే జేబుకు చిల్లు, తింటే ఇసక. అంతకంటే జొన్నరొట్టె మేలు. మరిగే నీళ్లు పోసి కలిపితే జొన్నపిండికి కాస్త జిగురు వస్తుంది, చేత్తో తట్టుకోవచ్చు. ఆ షుగరు నాన్నకీ ఈ కూతురికీ ఒకే పెనం సరిపోతుంది.

పండగల్లో సంక్రాంతిది పెద్ద మనసు. అరిసెలు, సకినాలు, సున్నుండలు అన్నీ తినొచ్చు. ఆత్రేయపురం పూతరేకులూ బియ్యానివే. ఉగాది బొబ్బట్టు, దీపావళి కజ్జికాయ, బెల్లం గవ్వలు, గోధుమపాలు తీసి వండే మాడుగుల హల్వా మాత్రం అందవు.

అన్నిటికన్నా ఇబ్బంది సత్యనారాయణ వ్రతంలో. అన్నవరం కొండమీద విస్తరాకు పొట్లంలో ఇచ్చే ప్రసాదం గోధుమ నూకది. ఇంట్లో చేసుకున్నా గోధుమరవ్వే. పైగా ప్రసాదం కాదన్న రాజుకు, పుచ్చుకోకుండా పరుగెత్తిన కళావతికి ఏమైందో కథలోనే వింటూ కూర్చోవాలి. "స్వామి ప్రసాదం, చిటికెడు నోట్లో వేసుకుంటే ఏమీ కాదమ్మా" అని పెద్దత్తయ్య చెయ్యి చాపుతుంది. కాదంటే ఆవిడకు కోపం, తింటే పేగుకు కోపం. అయితే అదే కథ మొదటి అధ్యాయంలో నైవేద్యం చెప్పేచోట ఒక వెసులుబాటు ఉంది. గోధుమపిండి లేని పక్షంలో బియ్యప్పిండి వాడుకోవచ్చని. పంతులుగారికి ముందురోజే ఫోన్ చేసి అడిగితే సరి. బియ్యపురవ్వను నేతిలో దోరగా వేయించి, బెల్లం, యాలకులు వేసి వండి, పీటల మీద కూర్చోకముందే పెద్దత్తయ్య చెవిన కూడా వేయండి.