క్లచ్ పూర్తిగా తొక్కా.. అయినా బండి కదిలింది!

తెల్లవారుజామున నాలుగు. కురబలకోట నుంచి టమోటా క్రేట్లు వేసుకుని మదనపల్లె మార్కెట్‌కు పోతా ఉన్నాం. అంగళ్లు దగ్గర ముందున్న లారీ ఆగితే నేనూ మా పికప్ ఆపా. పక్కన నాయన కునుకు తీస్తున్నాడు. క్లచ్ అడుగంటా తొక్కి, ఫస్ట్ గేర్ వేసుకుని ఎదురుచూస్తున్నా. బ్రేక్ మీద కాలు కాస్త వదిలానంతే.. బండి తనంతట తానే ముందుకు జరిగింది! రోడ్డేమో చదునుగానే ఉంది.

గట్టిగా బ్రేక్ తొక్కా. బండి ఒక్క గుంజు గుంజి ఆఫ్ అయింది. లారీకీ మాకూ మధ్య జానెడు దూరం. నాయన ఉలిక్కిపడి లేచి, నా వైపు చూశాడు. ఏమీ అనలేదు. ఆ మౌనమే ఎక్కువ భయపెట్టింది.

వేలం ఆగదు కదా! తెలిసినాయన బండి అటే వస్తుంటే ఆపి, క్రేట్లు దాంట్లోకి మార్చి నాయనను పంపించేశా. నేను బండిని పక్కకు తోయించుకుని ఒక గ్యారేజీకి ఫోన్ చేశా. ‘క్లచ్ సెట్ పోయింటుంది. గేర్‌బాక్స్ దించాల్సిందే’ అన్నారు, బండి చూడకుండానే. అంటే వచ్చే పంటకు నారు, కట్టెల కోసం నాయన దాచిన డబ్బులు అయిపోయినట్టే.

చివరికి మా ఊరి పాత మేస్త్రీ మామను రమ్మన్నా. ఆయన వస్తూనే అడిగిన ప్రశ్న ఇదీ: ‘క్లచ్ జారతా ఉందా నాయనా, విడవడం లేదా?’

‘రెండూ ఒకటే కదా మామా?’

‘ఒకటెట్లయితాది? అది పట్టని రోగం, ఇది వదలని రోగం.’

జారడం వేరు, విడవకపోవడం వేరు

ఎక్కుడులో యాక్సిలరేటర్ తొక్కితే ఇంజిన్ అరుస్తుంది, బండి మాత్రం ముందుకు పోదు. అది జారడం. ఎక్కువసార్లు ప్లేటు అరిగితే అలా అవుతుంది. విడవకపోవడం దీనికి పూర్తిగా రివర్స్. పెడల్ తొక్కినా ప్లేటు ఇంజిన్‌తో పాటు ఇంకా తిరుగుతూనే ఉంటుంది. గేర్లు గట్టిగా పడతాయి. చాలా బండ్లలో రివర్స్‌కు సింక్రోమెష్ ఉండదు కాబట్టి ముందుగా అదే గర్రుమంటుంది. నా బండి వారం నుంచీ అలాగే గర్రుమంటోంది. ‘పాత గేర్‌బాక్స్ కదా’ అని వదిలేశా.

పైసా ఖర్చు లేని పరీక్షలు

మామ చక్రాలకు రాళ్లు పెట్టించి, హ్యాండ్‌బ్రేక్ లాగించి, బండి ముందర ఎవరూ లేకుండా చూసుకున్నాడు. మొదట పెడల్ కింద మ్యాట్ ముడతపడి అడ్డుగా ఉందేమో చూశాడు. లేదు.

తర్వాత ఇంజిన్ ఆపి గేర్లు వేయమన్నాడు. అన్నీ వెన్నలా పడ్డాయి. స్టార్ట్ చేసి వేస్తే మళ్లీ మొరాయించాయి. అంటే గేర్‌బాక్స్ బాగానే ఉంది, క్లచ్ విడవడం లేదన్నమాట.

మూడోది, పెడల్‌ను నాలుగైదుసార్లు గబగబా కొట్టి, తొక్కి పట్టుకుని రివర్స్ వేయడం. ఈసారి చప్పుడు లేకుండా పడింది! మామ నవ్వి, ‘రోగం లోపల లేదు, నూనెలో ఉంది’ అన్నాడు.

ఎందుకంటే మా పికప్‌లో క్లచ్‌కు కేబుల్ లేదు. పెడల్ తొక్కితే పైనున్న మాస్టర్ సిలిండర్ ఫ్లూయిడ్‌ను నెడుతుంది. ఆ ఒత్తిడికి గేర్‌బాక్స్ పక్కనున్న స్లేవ్ సిలిండర్ తన రాడ్‌ను తోస్తుంది. ఆ రాడ్ ఫోర్క్‌నూ, ఫోర్క్ బేరింగ్‌నూ నెడితే ప్లేటు విడుస్తుంది. ఫ్లూయిడ్ నలగదు, గాలి నలుగుతుంది. మధ్యలో గాలి బుడగ ఉంటే మన కాలి బలం దాన్ని నలపడానికే సరిపోతుంది, రాడ్ పూర్తిగా కదలదు.

చివరిగా ఇంజిన్ ఆపి నన్ను పెడల్ తొక్కమని, ఆయన నా ఫోన్‌తో కింద స్లేవ్ రాడ్‌ను వీడియో తీశాడు. రాడ్ కాస్త కదిలి ఆగిపోయింది. ‘ఇది నిండుగా కదిలి కూడా గేర్ పడకపోతే అప్పుడు గేర్‌బాక్స్ దించాలి. కదలనప్పుడు దించి ఏం చూస్తావ్?’ అన్నాడు.

దొంగ దొరికాడు

స్లేవ్ సిలిండర్ రబ్బరు టోపీ వెనక్కి తీస్తే లోపలంతా తడి. సీలు పోయి ఫ్లూయిడ్ కారుతోంది. బానెట్ కింద డబ్బాలో చూస్తే ఫ్లూయిడ్ అడుక్కు చేరింది. ఇక్కడ నా తప్పు ఒప్పుకోవాలి. నెల కిందట అది తగ్గిందని చూసి, కాస్త పోసి మూత పెట్టేశా. ఎందుకు తగ్గిందని అడగలేదు. ‘అది ఆవిరైపోయేది కాదు నాయనా. తగ్గిందంటే యాడో కారతా ఉన్నట్టే’ అన్నాడు మామ.

చిన్న సీల్ కిట్ మార్చాడు. తర్వాత గాలి తీయడం. నేను పెడల్ తొక్కి పట్టుకుంటే ఆయన కింద నిపుల్ వదులు చేస్తాడు, బుడగలతో ఫ్లూయిడ్ వస్తుంది. నిపుల్ బిగించాకే నేను పెడల్ వదలాలి. డబ్బా ఖాళీ కాకుండా పోస్తూ, బుడగలు ఆగేదాకా ఇదే పని.

మీ బండికైతే..

బయట తడి లేకపోయినా, పెడల్ తొక్కి పట్టుకున్న కొద్దిసేపటికి బండి జరగడం మొదలైతే మాస్టర్ సిలిండర్ లోపలి సీలును అనుమానించండి. కేబుల్ బండైతే ముందు కేబుల్ చూడండి. డబ్బా మూత మీద రాసిన ఫ్లూయిడే పోయండి. ఇంజిన్ ఆయిల్ పోస్తే రబ్బరు సీళ్లు ఉబ్బి పాడవుతాయి. కొన్ని బండ్లలో బ్రేక్‌కూ క్లచ్‌కూ ఒకటే డబ్బా, అక్కడ కారితే అసలు నిర్లక్ష్యం చేయొద్దు. క్లచ్ విడవని బండిని ‘మార్కెట్ దాకా ఎలాగోలా’ అని మాత్రం నడపొద్దు. నాకు మిగిలింది జానెడే!

సాయంత్రం నాయన ముందర బండి స్టార్ట్ చేసి రివర్స్ వేశా. చప్పుడు లేదు. నాయన ఒకసారి చెవి పెట్టి విని, జేబులోంచి ఫోన్ తీసి నాకిచ్చాడు.

‘నర్సరీకి ఫోన్ చెయ్. నారు మనకు కావాలని చెప్పు.’