ఒక్క అక్షరం వెనక్కి జారితే

పాతబస్తీలో కంచన్‌బాగ్ వైపు వెళ్తే డెక్కన్ వైద్య కళాశాల వస్తుంది. అక్కడి లివర్ పరిశోధన కేంద్రంలో డాక్టర్ సి.ఎం. హబీబుల్లా బృందం, కడుపులో కాపురముండే ఒక సూక్ష్మజీవి జాడను రోగి లాలాజలంలోనే పీసీఆర్‌తో పట్టే పద్ధతిని 2005లో ప్రచురించింది. గొట్టం మింగే బాధ లేని పరీక్ష అది. ఆ సూక్ష్మజీవి పేరు హెలికోబాక్టర్ పైలోరీ. కడుపులో పుండ్లకు పచ్చికారం కాదు, ఇదే ప్రధాన కారణమని తేల్చిన బారీ మార్షల్, రాబిన్ వారెన్‌లకు నోబెల్ వచ్చిందీ ఆ ఏడాదే. మరో రెండేళ్లకు, హైదరాబాద్‌లోనే ఉన్న సీడీఎఫ్‌డీ అనే డీఎన్ఏ పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు మన దేశపు పైలోరీ జన్యువులను చదివి, వాటి పూర్వీకులు యూరప్ వంశంతో కలుస్తారని చెప్పారు.

అయితే జన్యువును మనం చదవడం వేరు, బ్యాక్టీరియా చదువుకోవడం వేరు. 1997లో పైలోరీ జన్యుపటం మొత్తం అచ్చయినప్పుడు అందులో ఒక ఎంజైము జన్యువు నడుమ విరిగి, రెండు ముక్కలుగా నమోదైంది. కంప్యూటర్ లెక్కన అది చెడిపోయిన జన్యువే. కంప్యూటర్‌ను తప్పుపట్టలేం, అది నిబంధన ప్రకారమే చదివింది.

మూడేసి అక్షరాల చొప్పున వరుసగా చదవాలన్న ఆ నిబంధన ఛందస్సు తెలిసినవాళ్లకు కొత్త కాదు. ‘యమాతారాజభానసలగం’లో మొదటి మూడక్షరాలు పట్టుకుంటే యమాతా, య-గణం. ఒక్క అక్షరం జరిగి మొదలుపెడితే మాతారా, మ-గణం. ఇంకొకటి జరిగితే తారాజ, త-గణం. అక్షరాలు మారలేదు, గణాలన్నీ మారిపోయాయి. జన్యువు నకలైన ఎంఆర్ఎన్ఏను, ప్రోటీన్లు తయారుచేసే రైబోజోమ్ కూడా ఇలాగే మూడేసి అక్షరాలుగా చదువుతూ, ఒక్కో మూడింటికి (కోడాన్‌కు) ఒక్కో అమైనో ఆమ్లాన్ని చేర్చి ప్రోటీన్ అల్లుతుంది. ఈ-కోలై అనే బ్యాక్టీరియాలో సెకనుకు పదిహేను, ఇరవై దాకా. ఇంత వేగంలోనూ వరుస తప్పడం చాలా అరుదు.

కానీ కొన్ని జన్యువుల్లో వరుస తప్పమని ఆ రాతే చెబుతుంది. ఈ-కోలైలో డీఎన్ఏఎక్స్ అనే జన్యువునే చూడండి. దాని మధ్యలో వరసగా ఆరు ‘ఎ’లు, వెంటనే ఒక ‘జి’. లైసీన్ అనే అమైనో ఆమ్లాన్ని మోసుకొచ్చే టీఆర్ఎన్ఏలు రెండు, ఒకటి ‘ఎఎఎ’ మీద, ఒకటి ‘ఎఎజి’ మీద కూర్చుంటాయి. ఈ-కోలై లైసీన్ టీఆర్ఎన్ఏకు ‘జి’ చివరున్న కోడాన్‌తో పట్టు అంత గట్టిది కాదు, ‘ఎఎఎ’తోనే పొత్తు ఎక్కువ. ఒక అక్షరం వెనక్కి జారితే రెండింటికీ ‘ఎఎఎ’ దొరుకుతుంది. జారడానికి ఇంతకన్నా అనువైన చోటు ఉండదు. పైగా ముందు ఆర్ఎన్ఏ మడతపడి దారికి అడ్డంగా ఉంటుంది. వెనకనున్న ఇంకో వరుస రైబోజోమ్ సొంత ఆర్ఎన్ఏకు అతుక్కుని దాన్ని పట్టి లాగుతుంది. ముందు అడ్డు, వెనక లాగుడు: సుమారు సగం రైబోజోమ్‌లు ఇక్కడ జారిపోతాయి. జారనివి 643 అమైనో ఆమ్లాల పొడవు ప్రోటీన్ చేస్తాయి. జారినవాటికి కాసేపటికే ఆగు గుర్తు ఎదురై 431 దగ్గరే ఆగుతాయి. ఒకే జన్యువు నుంచి రెండు ప్రోటీన్లు. చిత్రమేమిటంటే ఆ పొట్టిది లేకుండా చేసినా ఈ-కోలై బతికేసింది. ఇంత ఏర్పాటు దేనికో మరి!

ఈ-కోలైలోనే ఉన్న ఆర్ఎఫ్-2 అనే ప్రోటీన్ కథలో ప్రయోజనం స్పష్టం. ‘యుజిఎ’ అనే ఆగు గుర్తును గుర్తించి ప్రోటీన్‌ను విడుదల చేసే పని దానిది. దాని సొంత జన్యువులో 26వ కోడాన్ దగ్గరే ‘యుజిఎ’ ఉంది. ఆర్ఎఫ్-2 దండిగా ఉంటే రైబోజోమ్ అక్కడే ఆగిపోతుంది. కొరత ఉంటే, ఆపేవాడు లేక ఒక అక్షరం ముందుకు జారి, పూర్తి ఆర్ఎఫ్-2 తయారుచేస్తుంది. ఎంత ఉందో తానే కొలుచుకునే జన్యువు ఇది. నాకు తెలిసిన జీవశాస్త్రపు తెలివితేటల్లో దీనికి పెద్దపీట వేస్తాను.

పైలోరీలో విరిగినట్టు కనిపించిన ఎంజైము ఫ్యూకోజ్ అనే చక్కెరను బ్యాక్టీరియా ఒంటిమీద అతికిస్తుంది. దాంతో అది మన కడుపు లోపలి పొర మీదుండే లూయిస్ యాంటిజెన్ల వేషం వేస్తుంది. ఆ జన్యువులో ‘సి’ అక్షరాల బారు ఒకటుంది. డీఎన్ఏ నకలు తీసేటప్పుడు ఆ బారు పెరుగుతూ తరుగుతూ ఉంటుంది, ఇది తర్వాతి తరాలకు అందే మార్పు. అదే జన్యువులో ఆరు ‘ఎ’లు, ఒక ‘జి’ కూడా ఉన్నాయని కెనడాలోని అల్బర్టా విశ్వవిద్యాలయంలో డయాన్ టేలర్ బృందం 1999లో గమనించింది. రైబోజోమ్ అక్కడ జారితే, ఆ బ్యాక్టీరియా రకంలో రాత ఏ వరుసలో ఉందన్నదాన్ని బట్టి పూర్తి ఎంజైమూ రావచ్చు, కురచదీ రావచ్చు. వేషం ఎంత మోతాదులో వేయాలన్నది ఇలా రెండు చోట్ల నిర్ణయమవుతుంది. అక్షరాల పట్టీని మాత్రమే చూసి ఈ జన్యువు పనిచేయదని కొట్టేస్తే పొరపాటే.

పైలోరీకి డాక్టర్లు రాసే మందుల్లో క్లారిత్రోమైసిన్ ఒకటి. అది దెబ్బకొట్టేది రైబోజోమ్‌నే, ప్రోటీన్ బయటికి వచ్చే సొరంగంలో దూరి కూర్చుంటుంది. ఈ కుటుంబానికి చెందిన కొన్ని మందులు రైబోజోమ్‌ను జారేలా కూడా చేస్తాయని షికాగోలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2013లో చూపారు. ఆ జారుడే ఈఆర్ఎంసీ అనే నిరోధక జన్యువును మేల్కొలుపుతుంది. అది స్టెఫైలోకోకస్‌లో దొరికే జన్యువు. పైలోరీ దారి వేరు: తన 23ఎస్ ఆర్ఎన్ఏలో 2142, 2143 స్థానాల్లో ఏదో ఒక అక్షరం మార్చుకుని మందుకు పట్టు దొరక్కుండా చేస్తుంది.